తిరుపతి, చిత్తూరు నుంచి విదేశీ యాత్ర: పాస్‌పోర్ట్ మొదలు ఇమిగ్రేషన్ కౌంటర్ దాకా

ఆఫర్ కనబడగానే టికెట్ కొనేసి, వీసా సంగతి తర్వాత చూసుకుందాం అనుకునేవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. వరుస ఇలా ఉండాలి: ముందు పాస్‌పోర్ట్ సరిచూసుకోవాలి. తర్వాత వెళ్లే దేశం ఏం అడుగుతుందో చూడాలి. ఆపైన డబ్బు కాగితాలు, అపాయింట్‌మెంట్. రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని టికెట్టు అన్నిటికంటే చివర. వీసా అధికారి మిమ్మల్ని చూసేది ఐదు నిమిషాలు, కొన్నిచోట్ల అసలు చూడడు. అతని ముందుండేవి మీ కాగితాలే. పేరు, డబ్బు, తేదీలు ఈ మూడింటి గురించి అన్ని కాగితాలూ ఒకే మాట చెప్పాలి. తిరస్కరణల్లో చాలావరకు ఈ మూడింట్లో ఏదో ఒకటి పొసగకపోవడం వల్ల వచ్చేవే.

పాస్‌పోర్ట్: గడువు కంటే పేరుతోనే తంటా

గడువు లెక్క తేలిక. ఆగ్నేయాసియా దేశాలు, గల్ఫ్ దేశాలు ఎక్కువగా అక్కడ దిగే రోజు నుంచి ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్‌లోని షెంగెన్ దేశాల లెక్క వేరు. అక్కణ్ణుంచి తిరిగొచ్చే రోజు తర్వాత మూడు నెలలు ఉండాలి, పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. జూన్ 20న తిరుగు ప్రయాణమైతే సెప్టెంబర్ 20 దాకా గడువుండాలన్నమాట. ఏడాదిలోపు గడువు ముగిసేదైతే ఇప్పుడే రీ-ఇష్యూకి పెట్టండి. తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, విజయవాడ దాకా పోనక్కర్లేదు. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి 1,500, 60 పేజీలదానికి 2,000 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2,000. పాత పుస్తకంలో ఇంకా చెల్లే అమెరికా వీసా ఉంటే ఆ పుస్తకాన్ని పారేయకండి. వీసా పేజీ చెడకపోతే పాతదీ కొత్తదీ కలిపి పట్టుకెళ్లొచ్చు.

పేరు దగ్గరికొస్తే అసలు చిక్కు. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాన్‌లో ఇంకో రకం. పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు ఇంకో గడి ఉంటాయి. పొడి అక్షరాలు పెట్టకుండా పూర్తిగా విడదీసి రాయాలి. స్పెల్లింగ్ తేడాలూ ఉంటాయి: లక్ష్మిలో ‘ఎక్స్’ ఒకచోట, ‘కె-ఎస్-హెచ్’ ఇంకోచోట; లతలో ‘హెచ్’ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. పాస్‌పోర్ట్‌లో ఏముందో అదే ప్రమాణం. టికెట్, ఇన్సూరెన్స్, హోటల్, వీసా ఫారం అన్నీ దాన్ని చూసి అక్షరం అక్షరం ఎక్కించాలి. బ్యాంకు ఖాతాలో వేరుగా ఉంటే బ్యాంకుకు వెళ్లి కేవైసీ సరిచేయించుకోవడం ఉత్తమం. నెల ముందే ఆ పని కానివ్వండి.

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు, తమిళ సంప్రదాయం ప్రకారం తండ్రి పేరు మొదటి అక్షరమే తప్ప ఇంటిపేరు వాడని కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఇంట్లో, ఊళ్లో దీనితో ఇబ్బంది లేదు. కానీ 2022 నవంబర్ నుంచి యూఏఈ ఒక్క పదం పేరున్న పాస్‌పోర్ట్‌ను సందర్శక వీసాకు ఒప్పుకోవడం లేదు. పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబ పేరో ఉంటే పరిగణిస్తామన్నారు గానీ కౌంటర్ దగ్గర వాదన తప్పదు. అమెరికా వీసా మీదైతే మీ పేరును ఇంటిపేరు గడిలో వేసి, పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చేస్తారు. మొదటి పేరు తెలియదని దానర్థం. తరచూ ప్రయాణాలు ఉండేవాళ్లు రీ-ఇష్యూలో పేరును రెండు ముక్కలుగా విడగొట్టించుకుంటే ఈ బాధ పోతుంది.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయాక పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా, కొత్తవాటిలో తిరుపతి జిల్లా అని రెండు రకాలుగా ఉండటం మామూలైంది. దీనివల్ల వీసా ఆగదు. అయితే ఇప్పటి చిరునామాకు రుజువు మాత్రం ఒక్కటి తాజాగా ఉంచుకోండి. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లల పాస్‌పోర్ట్‌కు జనన ధ్రువపత్రం తప్ప వేరే పుట్టినతేదీ రుజువు పనికిరాదు.

ఇక ఫొటో. అమెరికా వీసాకు రెండంగుళాల చదరం, కళ్లద్దాలు వద్దు. షెంగెన్, సింగపూర్‌లకు 35 × 45 మిల్లీమీటర్లు. తెల్లటి వెనుకతలం, ఆరు నెలల్లోపు, సింగపూర్‌కైతే మూడు నెలల్లోపు దిగినది. మన ఊళ్లో దీనికో ప్రత్యేకమైన మెలిక ఉంది: కొండకెళ్లి తలనీలాలిచ్చి రావడం. నిండు జుట్టుతో ఫొటో ఇచ్చి, గుండుతో బయోమెట్రిక్స్‌కో ఇమిగ్రేషన్‌కో వెళ్తే ముఖం సరిపోల్చే యంత్రం ఇబ్బంది పెట్టకపోవచ్చు గానీ మనిషి ఒకటికి రెండుసార్లు చూస్తాడు. మొక్కు తిరిగొచ్చాక తీర్చుకోండి, లేదా ముందే తీర్చుకుని గుండుతోనే ఫొటో దిగండి. పెద్ద తిరునామం, దట్టమైన విభూతి రేఖలు ఫొటో వరకు తుడిచేసుకుంటే మేలు. ముక్కుపుడక మీద ఫ్లాష్ వెలుగు మెరవకుండా చూడమని స్టూడియో అబ్బాయికి చెప్పండి.

ఏ దేశం ఏ గంపలో

వీసా అక్కర్లేని దేశాలున్నాయి, కానీ ‘ఏమీ అక్కర్లేదు’ అని అర్థం కాదు. థాయ్‌లాండ్ 2024 జులై 15 నుంచి మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఇచ్చింది. ఆ గడువు తగ్గించే మాట అక్కడి ప్రభుత్వమే ఎత్తింది కనుక టికెట్ కొనేముందు మళ్లీ చూడండి. 2025 మే 1 నుంచి అక్కడ డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగడానికి 72 గంటల్లోపు నింపాలి. మలేసియాలో 30 రోజుల వీసా మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. అక్కడా దిగడానికి మూడు రోజుల్లోపు డిజిటల్ కార్డు నింపాలి. ఈ కార్డులు రెండూ ఉచితం. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనల సైట్లు ఇదే ఫారానికి వేలల్లో గుంజుతాయి. చిరునామా చివర ఆ దేశ ప్రభుత్వ గుర్తు ఉందా లేదా చూసి గానీ కార్డు నంబర్ కొట్టకండి.

వియత్నాం ఈ-వీసా ఒక ప్రవేశానికి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా వెళ్లొచ్చేదానికి 50, గడువు 90 రోజుల దాకా. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు పేరు వరుస తారుమారు చేయడం, పుట్టినతేదీలో రోజును నెల గడిలో వేయడం. తప్పు పడితే రుసుము వెనక్కి రాదు, మళ్లీ కట్టి మళ్లీ పెట్టాలి. ఇండోనేసియా వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రూపాయాలు. అక్కడి కరెన్సీ పేరూ మనదాన్నే పోలి ఉంటుంది కాబట్టి గాబరాపడకండి. అది 30 రోజులకు, ఒకసారి పొడిగించుకోవచ్చు. బాలికైతే దానిమీద లక్షా యాభై వేల రూపాయాల పర్యాటక రుసుము అదనం.

సింగపూర్‌కు మనకు వీసా కావాలి. మామూలుగా గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా పెట్టాలి, ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, మిగతాది ఏజెంటు సేవకు. వీసా వచ్చాక కూడా దిగే మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు వేరే నింపాలి. వీసా వచ్చిందన్న సంతోషంలో దీన్ని మరిచిపోయి, చెన్నైలో చెక్-ఇన్ వరుసలో నిలబడి ఫోన్లో నింపేవాళ్లు రోజూ కనబడతారు.

ముక్తినాథ్ యాత్రకు వెళ్లేవాళ్ల కోసం నేపాల్ సంగతి వేరుగా చెప్పాలి. నూట ఎనిమిది దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం అది కనుక తిరుపతి నుంచి బృందాలు కడుతుంటారు. వీసా లేదు. అయితే విమానంలో వెళ్తే 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చెల్లదు. 15 లోపు, 65 పైబడినవాళ్లకు ఆధార్ చెల్లుతుంది. తిరుమల దర్శనానికి ఆధార్ పట్టుకెళ్లే అలవాటుతో నలభై ఏళ్లవాళ్లు అదొక్కటే తీసుకొచ్చి ఎయిర్‌పోర్ట్‌లో ఆగిపోతారు. భూటాన్‌లో మనవాళ్లకు రాత్రికి మనిషికి 1,200 రూపాయల అభివృద్ధి రుసుము, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం.

కెన్యా లాంటి కొన్ని ఆఫ్రికా దేశాలకు వెళ్తే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపురంగు పుస్తకం లేకుండా తిరిగొస్తే మన దేశమే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

షెంగెన్: మామిడి రైతు దంపతులు యూరప్ వెళ్లాలంటే

అన్నిటిలోకీ కాగితాల పని ఎక్కువ ఉన్నది ఇదే కాబట్టి ఒక ఉదాహరణతో పోదాం. చిత్తూరు దగ్గర పది ఎకరాల తోతాపురి తోట, నాలుగు పాడి ఆవులు ఉన్న దంపతులు. పది రాత్రుల యాత్ర. స్విట్జర్లాండ్‌లో ఐదు, ఫ్రాన్స్‌లో మూడు, ఇటలీలో రెండు.

మొదటి ప్రశ్న, ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలి? ఎక్కువ రాత్రులు ఎక్కడో ఆ దేశానికి, అంటే స్విట్జర్లాండ్‌కి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ‘ఫలానా దేశం తొందరగా ఇస్తుందట’ అని అక్కడ పెట్టి, ప్లానులో ఇంకో దేశం ఎక్కువ చూపిస్తే అధికారి ఒక్క చూపులో పట్టేస్తాడు. షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలు. బల్గేరియా, రుమేనియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా కలిశాయి. ఇంగ్లండ్ ఇందులో లేదు, దానికి వీసా వేరే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టి తీరాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా పోవచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్లే దొరకవు. మే నెలలో వెళ్లాలంటే జనవరిలో కదలాలి. రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు ఉచితం. వీసా కేంద్రం సేవా రుసుము అదనం. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. ఏ నగరంలో ఇవ్వాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొన్ని దేశాలు ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్నవాళ్లను చెన్నైలో, కొన్ని బెంగళూరులో, కొన్ని హైదరాబాద్‌లో తీసుకుంటాయి. స్లాట్ బుక్ చేసేముందు ఇది చూడాలి. చెన్నై అయితే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పొద్దున్నే బయలుదేరినా ఊళ్లోకి దిగాక ట్రాఫిక్ మన చేతిలో ఉండదు. ఆంధ్ర బస్సు మాధవరంలో దింపితే అక్కణ్ణుంచి నగరం మధ్యకు మరో ప్రయాణం. పదకొండు తర్వాతి స్లాట్ తీసుకోండి.

ఇప్పుడు డబ్బు కాగితాలు. ఉద్యోగికి మూడు నెలల జీతం చీటీలు, సెలవు మంజూరు లేఖ, ఐటీ రిటర్నులు చాలు. ప్రభుత్వ ఉద్యోగులు, టీటీడీ ఉద్యోగులు శాఖ నుంచి అనుమతి పత్రం ముందే తెచ్చుకోవాలి. మన రైతు దంపతులకు జీతం చీటీ ఉండదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కనుక రిటర్నులూ వేయలేదు. ఆదాయం లేక కాదు, చూపించే పద్ధతి వేరు. వాళ్లు జతచేయాల్సినవి: పట్టాదారు పాసుపుస్తకం, మీభూమి నుంచి తీసిన 1బి, అడంగల్, గుజ్జు ఫ్యాక్టరీలోనో మండీలోనో కాయ అమ్మిన రసీదులు, డెయిరీ నుంచి పదిహేను రోజులకోసారి ఖాతాలో పడే పాల డబ్బుల లెక్క. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం చేయించి, అనువాదకుడి సంతకం, ముద్ర వేయించి మూలం వెనక కుట్టాలి. అనువాదం లేని అడంగల్ ఆ బల్ల మీద ఉట్టి కాగితమే. పన్ను లేకపోయినా ఏటా రిటర్నులు వేసి ఉంచితే వచ్చే దరఖాస్తు ఇంకా తేలికవుతుంది.

బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు. మూడు నెలలు ఖాతాలో ముప్పై వేలు ఆడి, దరఖాస్తుకు వారం ముందు బావమరిది దగ్గర ఐదు లక్షలు తెచ్చి వేస్తారు. అధికారికి కనబడేది ఐదు లక్షలు కాదు, ఆ వారం. అది అప్పు అని అతనికి తెలియడానికి చదువు అక్కర్లేదు. మామిడి రైతుకు నిజంగానే జూన్, జులైలో ఒక్కసారి పెద్ద మొత్తం పడుతుంది, మిగతా ఏడాది చిన్నచిన్న జమలే. కాబట్టి వాళ్లు మూడు నెలలది కాకుండా పన్నెండు నెలల స్టేట్‌మెంట్ ఇవ్వాలి. కవరింగ్ లెటర్‌లో ఒక పేరా రాయాలి: ఫలానా తేదీన పడిన మొత్తం ఈ పంట అమ్మకం, రసీదు ఫలానా పేజీలో ఉంది, ఏటా ఇదే నెలలో వస్తుంది, గత ఏడాది జమ ఇదిగో. స్టేట్‌మెంట్ మీద ఆ వరుసను పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఈ ఒక్క పేరా లేకనే మంచి ఆస్తి ఉన్న రైతులు కూడా ‘ఆదాయ మూలం స్పష్టంగా లేదు’ అన్న టిక్కుతో వెనక్కి వస్తున్నారు.

ఎంత ఉండాలి? స్విట్జర్లాండ్ రోజుకు మనిషికి సుమారు 100 ఫ్రాంకులు చూస్తుంది. ఫ్రాన్స్‌కు హోటల్ బుకింగ్ ఉంటే రోజుకు 65 యూరోలు, లేకపోతే 120. పది రాత్రులంటే పదకొండు రోజులు, మన దంపతులకు స్విస్ లెక్కన రెండు వేల రెండు వందల ఫ్రాంకులు. టికెట్లు, హోటళ్లు దీనికి పైన. కాస్త వెసులుబాటు మిగిలేలా చూపించాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, బంగారు రుణం తీర్చిన రసీదు వేరు, చేతిలో తీయగల డబ్బు వేరు. అధికారి చూసేది రెండోది.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు, షెంగెన్ అంతటా చెల్లేలా, ప్రయాణపు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉండాలి. విమానం ఆలస్యమై ఒక రోజు తేడా వస్తుందని రెండు మూడు రోజులు అదనంగా తీసుకోవడం మంచి పని. టికెట్‌కు రిజర్వేషన్ కాగితం చాలు, డబ్బు మొత్తం కట్టిన టికెట్ అడగరు. హోటళ్లు రద్దు చేసుకోగలిగేవి బుక్ చేయండి. కానీ వీసా వచ్చేలోపు రద్దు చేయకండి, ఫోన్ చేసి సరిచూసుకునే కాన్సులేట్లు ఉన్నాయి.

షెంగెన్‌లో ఉండగలిగేది ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు. దిగిన రోజు, బయలుదేరిన రోజు రెండూ లెక్కకొస్తాయి. అక్కడి సరిహద్దుల్లో ముద్ర కొట్టే పద్ధతి పోయి, వేలిముద్రలు, ముఖం నమోదు చేసే పద్ధతి 2025 అక్టోబర్ 12 నుంచి దశలవారీగా మొదలైంది. కాబట్టి ‘ముద్ర సరిగా పడలేదు’ అన్న సాకు ఇక ఉండదు. ఒక సంగతి చాలామందికి తెలియదు: 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సవ్యంగా వాడుకుంటే రెండేళ్ల మల్టిపుల్ వీసా, దాని తర్వాత ఐదేళ్లది దొరికే వీలుంది. పాత వీసా పేజీల నకళ్లు జతచేయడం మరవకండి.

అమెరికా: పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు

ఫారం డీఎస్-160, రుసుము 185 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి రాదు. సుమారు ఇరవై నిమిషాలు కదలకపోతే ఆ సైట్ బయటికి తోసేస్తుంది. మొదట వచ్చే అప్లికేషన్ ఐడీని కాగితం మీద రాసుకోండి, ప్రతి పేజీ సేవ్ చేయండి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు అడుగుతుంది. మీ పేరుమీద అబ్బాయి తెరిచిన ఫేస్‌బుక్ కూడా లెక్కే. తర్వాత రెండు అపాయింట్‌మెంట్లు: వేలిముద్రలు, ఫొటో ఒకచోట, ఇంటర్వ్యూ కాన్సులేట్‌లో. చెన్నై గానీ, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ గానీ ఎంచుకోవచ్చు. స్లాట్ ముందు ఎక్కడ దొరికితే అక్కడ.

ఇంగ్లిష్ రాకపోతే తెలుగులో మాట్లాడతామని కౌంటర్ దగ్గర చెప్పండి, సిగ్గుపడనక్కర్లేదు. రాని ఇంగ్లిష్‌లో తడబడిన జవాబు కంటే వచ్చిన తెలుగులో తిన్నని జవాబు మంచిది. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లు, ఖర్చు ఎవరిది, ఇక్కడ మీకేం ఉన్నాయి, ఈ నాలుగే చుట్టూ తిరుగుతాయి. ‘మనవరాలిని చూసుకునే పని మాదే’ అని జవాబిస్తే అది పని కోసం వెళ్తున్నట్టు వినబడుతుంది. వెళ్లేది చూడ్డానికైతే చూడ్డానికనే చెప్పండి. ఫారంలో మూడు నెలలు అని, నోటితో ఆరు నెలలు అనకండి. అక్కడి చట్టం 214(బీ) ప్రకారం మీరు తిరిగి వస్తారని నమ్మించాల్సిన బాధ్యత మీది. కాగితాల కట్ట చాలాసార్లు అడగనే అడగరు. అయినా పొలం, ఇల్లు, పింఛను కాగితాలు చేతిలో ఉండాలి. వీసా పదేళ్లకు వచ్చినా, ఒక్కో విడత ఎన్నాళ్లు ఉండాలో అక్కడ దిగాక ఐ-94 అనే ప్రవేశ నమోదులో రాసే తేదీదే తుది మాట.

ఏజెంటు ‘ఉద్యోగం సర్టిఫికెట్ మేమే తయారుచేస్తాం’ అంటే అక్కణ్ణుంచి లేచి రండి. దొంగ కాగితం బయటపడితే ఇంగ్లండ్ పదేళ్లు, అమెరికా శాశ్వతంగా తలుపు మూస్తాయి. శిక్ష ఏజెంటుకు పడదు, పాస్‌పోర్ట్ మీద పేరున్నవాళ్లకే. ఇంతకుముందు ఏ దేశమైనా తిరస్కరించి ఉంటే ఫారంలో దాచకండి. తిరస్కరణ కంటే దాన్ని దాచడమే పెద్ద తప్పు.

గల్ఫ్, ఈసీఆర్ ముద్ర

పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్ట్‌లో ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ అన్న ముద్ర ఉంటుంది, అందరూ ఈసీఆర్ అంటారు. యూఏఈ, కువైట్, ఖతర్, సౌదీ, ఒమన్, బహ్రెయిన్, మలేసియా, థాయ్‌లాండ్, ఇండోనేసియాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడే ఈ ముద్ర ఉన్నవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం. పర్యాటకులకు వేరే క్లియరెన్స్ అక్కర్లేదు. కానీ తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో డబ్బు చూపించమంటారు. పర్యాటక వీసా మీద ఇంటిపనికి పంపి అక్కడ వదిలేసే దళారుల వల్ల ఈ వైపు ఆడవాళ్లు పడ్డ కష్టాలు తక్కువేమీ కాదు. అందుకే ఒంటరిగా వెళ్లే ఈసీఆర్ ప్రయాణికులను ఇమిగ్రేషన్‌వాళ్లు ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. నిజంగా చూడ్డానికే వెళ్తుంటే కాగితాలన్నీ అచ్చేసి పట్టుకెళ్లండి. తర్వాత ఎప్పుడైనా పదో తరగతి పాసైనవాళ్లు ఆ సర్టిఫికెట్‌తో రీ-ఇష్యూ చేయించుకుంటే ఆ ముద్ర పోతుంది.

మొదటి గేటు ఎయిర్‌లైన్ కౌంటర్

రేణిగుంట విమానాశ్రయానికి 2017లోనే అంతర్జాతీయ హోదా వచ్చినా మన ప్రయాణం చెన్నై నుంచో, చిత్తూరువాళ్లకైతే బెంగళూరు నుంచో మొదలవుతుంది. కాగితాలు లేని ప్రయాణికుణ్ణి దింపితే ఎయిర్‌లైన్‌కు జరిమానా, వెనక్కి తెచ్చే ఖర్చూ వాళ్లదే. అందుకే కౌంటర్‌లోవాళ్లు టైమాటిక్ అనే డేటాబేస్‌లో మీ పాస్‌పోర్ట్, గమ్యం కొట్టి చూస్తారు. అందులో తిరుగు టికెట్ కావాలని ఉంటే చూపించాల్సిందే, వాదించి లాభం లేదు. తిరుగు టికెట్, హోటల్, ఇన్సూరెన్స్, ఈ-వీసా ఒక ప్లాస్టిక్ కవరులో అచ్చుగా ఉంచండి. ఫోన్ బ్యాటరీని నమ్ముకోవద్దు.

మధ్యలో విమానం మారేటప్పుడు ఇంకో చిక్కు. అమెరికాలో కేవలం విమానం మారాలన్నా వీసా కావాలి. ఇంగ్లండ్ కూడా చాలా సందర్భాల్లో ట్రాన్సిట్ వీసా అడుగుతుంది. చవగ్గా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, సామాను తీసుకుని మళ్లీ ఇవ్వడానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే అక్కడి వీసా ఉండాలి. ఆదా అయిన ఎనిమిది వేలు అక్కడే పోతాయి.

నగదు విదేశీ నోట్లుగా ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా, మిగతాది ఫారెక్స్ కార్డులో. మన రూపాయలు 25,000 దాకా పట్టుకెళ్లొచ్చు. ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు, రిటర్ను వేసి వెనక్కి రాబట్టుకోండి. ఒంటినిండా నగలతో పెళ్లికి వెళ్లే ఆడవాళ్లు వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం రాయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

పెట్టెలో ఏముంది

మన పోపులపెట్టెలో ఉండే గసగసాలు యూఏఈలో మాదకద్రవ్యాల కింద లెక్క. సింగపూర్, సౌదీలోనూ గొడవే. విడిగా పెట్టకపోయినా ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో, కుర్మా మిక్స్‌లో కలిసి ఉంటాయి. వెళ్లే పిల్లలకు అమ్మ కట్టిచ్చే డబ్బాలు ఒకసారి అడిగి చూసుకోండి. ట్రామడాల్, కోడీన్ ఉన్న మాత్రలకూ అక్కడ ముందస్తు అనుమతి కావాలి. మందులు స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో, రోజులకు సరిపడా మాత్రమే.

శ్రీవారి లడ్డు తీసుకెళ్లనివాళ్లు ఉండరు. అందులో నెయ్యి ఉంది కనుక ఆస్ట్రేలియా, అమెరికా, యూరప్ దేశాలు పాల పదార్థం కింద చూడొచ్చు. ఫారంలో ఆహారం ఉందని టిక్కు పెట్టి, అడిగితే స్వీటు అని, ఏమేం వేశారో చెప్పండి. తీసుకుంటే తీసుకుంటారు, జరిమానా ఉండదు. దాచి పట్టుబడితేనే ఆస్ట్రేలియాలో వేల డాలర్ల దాకా జరిమానా. ఎండు కొబ్బరి చెక్-ఇన్ సామానులో నిషేధం, నూనె ఎక్కువ కాబట్టి అంటుకుంటుంది. ప్రసాదం సంచిలో కొబ్బరి చిప్పలు తీసి ఇంట్లో పెట్టేయండి.

ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్ట్ తిరిగి ఇచ్చాక కౌంటర్ వదలకముందే ముద్ర మీద తేదీ, ఎన్ని రోజులిచ్చారో చదవండి. 30 రోజులంటే దిగిన రోజు ఒకటో రోజు. 1వ తేదీ రాత్రి పదకొండున్నరకు దిగితే ఆ అరగంటా ఒక రోజే. థాయ్‌లాండ్‌లో గడువు దాటిన ప్రతి రోజుకు 500 బాత్, గరిష్ఠంగా 20,000. అది ఎయిర్‌పోర్ట్‌లో కట్టి వచ్చినా, గడువు దాటి ఉన్నట్టు నమోదవుతుంది. తర్వాతి వీసా ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది.